పనిలోకి దిగే ముందు ఉంగరం ఎందుకు తీయాలి, ఎలా తీయాలి, తీసి ఎక్కడ పెట్టాలి

నేను నెల్లూరు జిల్లాలో ఒక ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పిన రోజుల్లో మా వర్క్‌షాపు గుమ్మం పక్కన గోడకు ఒక చెక్క పలక బిగించి ఉండేది. దానికి వరసగా 21 చిన్న మేకులు, ప్రతి మేకు కింద సున్నంతో రాసిన అంకె. లోపలికి వచ్చే కుర్రవాడు తన హాజరు నంబరు ఉన్న మేకుకు ఉంగరం, గడియారం, మణికట్టుకు కట్టుకున్న దారం తగిలించి, ఆ తరువాతే వైస్ (ఇనుప ముక్కను బిగించి పట్టే పనిముట్టు) దగ్గరకు వెళ్ళాలి. ఆ పలక పెట్టించింది నేను కాదు, నాకు ముందు అక్కడ పనిచేసిన మాస్టారు. అది ఎందుకని కొత్తవాళ్ళు అడిగితే ఆయన నోటితో చెప్పేవారు కాదు, ఎడమ చేయి ముందుకు చాపేవారు. ఆ చేతి ఉంగరపు వేలు మొదటి కణుపు దగ్గరే ముగిసిపోయి ఉండేది.

మన వైపు ఉంగరం లేని చేయి అరుదు. పెళ్ళిలో మామగారు పెట్టిన అర సవర ఉంగరం, గ్రహదోషానికి పెట్టుకున్న రాయి ఉంగరం, శని పోవాలని గుర్రపు నాడా ఇనుముతో చేయించినది, కలిసివస్తుందని కొన్న తాబేలు ఉంగరం, ఇవి చాలక ఒంటికి మంచిదని రాగి చుట్టు. ఒకే చేతికి మూడు ఉంగరాలున్న ట్రాక్టర్ డ్రైవర్లను నేను ఎరుగుదును. ఉంగరాలు పెట్టుకోవద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఏ పనికి తీయాలో, ఎందుకు తీయాలో, బిగిసిపోతే ఎలా తీయాలో, జరగరానిది జరిగితే మొదటి గంటలో ఏం చేయాలో చెప్పడమే దీని పని.

వేలికి జరిగేదేమిటి

ఉంగరం గుచ్చుకుంటుందనో, గీసుకుపోతుందనో చాలామంది అనుకుంటారు కానీ అసలు ప్రమాదం అది కాదు. వేళ్ళను కదిలించే కండరాలు వేళ్ళలో ఉండవు. అవి ముంజేతిలోనూ అరచేతిలోనూ ఉండి, తాళ్ళలాంటి స్నాయువులతో వేలి ఎముకలను లాగుతుంటాయి. వేలిలో ఉండేవల్లా మూడు చిన్న ఎముకలు, వాటిని అంటిపెట్టుకున్న స్నాయువులు, రెండు పక్కలా దిగే సన్నని రక్తనాళాలు, నరాలు, వీటన్నిటినీ కప్పిన చర్మం. ఆ రక్తనాళాల లావు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఉంగరం కూర్చునేది వేలి మొదలుకూ నడి కణుపుకూ మధ్య. కణుపు దానికంటే లావు కాబట్టే ఉంగరం జారిపోకుండా నిలుస్తుంది. మామూలు రోజుల్లో మనకు మేలు చేసే ఈ అమరికే ప్రమాదంలో కీడు చేస్తుంది. ఉంగరం ఏదైనా కొక్కేనికి తగులుకుని, ఒంటి బరువంతా కిందికి పడితే, అరవై డెబ్బై కిలోల బరువు ఆ సన్నని చుట్టు మీద వేలాడుతుంది. కణుపు దాటలేని ఉంగరం తన ముందున్న చర్మాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఉడికిన చిలగడదుంప తొక్క ఊడినట్లు దాన్ని ఎముక మీది నుంచి ఊడదీస్తుంది. చర్మంతోపాటు నాళాలూ నరాలూ సాగి తెగుతాయి, కొన్నిసార్లు ఎముక కూడా కణుపు దగ్గర విడిపోతుంది.

కత్తికి తెగిన వేలికీ ఉంగరానికి ఊడిన వేలికీ తేడా ఇక్కడే ఉంది. కత్తి ఒక్కచోట తెంచుతుంది, కనుక సర్జన్ రెండు కొసలూ దగ్గరకు తెచ్చి కుట్టగలడు. ఉంగరం లాగినప్పుడు నాళం తెగకముందే సాగి, చాలా పొడవు లోలోపల చిట్లిపోతుంది. అంత మేర కోసేసి, చేతి నుంచో కాలి నుంచో సిర ముక్క తెచ్చి అతకవలసి వస్తుంది. అమెరికా సర్జన్ జేమ్స్ అర్బానియాక్ 1981లో ఈ గాయాలను మూడు తరగతులుగా విభజించారు: వేలికి రక్తం చక్కగా ఆడుతున్నది మొదటిది, రక్తప్రసరణ చాలనిది రెండోది, చర్మం పూర్తిగా ఊడిపోయింది లేదా వేలే తెగిపోయింది మూడోది. మూడో తరగతి గాయంలో మైక్రోసర్జరీతో, అంటే సన్నని నాళాలను సూక్ష్మదర్శిని కింద కుట్టే ఆపరేషన్‌తో, వేలు నిలిచినా అది మునుపటిలా ముడుచుకోకపోవచ్చు, స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు. అందుకే చాలా సందర్భాల్లో వేలిని తీసేయడమే మేలని సర్జన్లే చెబుతారు.

ఇది ఒకసారి నా కళ్ళముందే జరిగింది. కోవూరు వైపు ఒక రైస్ మిల్లు ముందు లారీలో ధాన్యం బస్తాలు దించుతున్నారు. ఆఖరి బస్తా దిగాక పైనున్న హమాలీ ఎడమచేత్తో పక్క పలక అంచు పట్టుకుని, ప్రతిరోజూ దూకినట్లే కిందికి దూకాడు. పలక లోపలి వైపున్న బోల్టు తల ఉంగరానికీ వేలికీ మధ్య దూరిందని అతనికి తెలియదు. కాళ్ళు నేలను తాకాయి, చేయి మాత్రం రెప్పపాటు పైనే ఆగింది. అతను అరవలేదు. చెప్పు ఊడిందేమోనని ముందు కాళ్ళ వైపు చూసుకున్నాడు, తరువాత చేయి చూసుకున్నాడు. నరాలు ఒక్కసారిగా తెగిపోతే మొదట నొప్పి తెలియకపోవచ్చునని నాకు డాక్టర్లు ఆ తరువాత చెప్పారు. బోల్టుకు వేలాడుతున్న ఉంగరం నేనే తీశాను. దానికి సొట్ట కూడా పడలేదు.

దిగడంలోనే ప్రమాదం ఎక్కువ. లారీ, ట్రాక్టర్ ట్రక్కు, నీళ్ళ ట్యాంకు, ప్రహరీ గోడ, చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ దిమ్మె, పొగాకు ఆరబెట్టే బేరన్‌లో కర్రలు కట్టే దూలాలు, ఇలా ఎత్తు నుంచి దూకే ప్రతిచోటా పట్టుకున్న చేయి కాళ్ళ కంటే ఆలస్యంగా వదులుతుంది. స్విట్జర్లాండ్‌లో సెర్వెట్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు పాలో డియోగో 2004 డిసెంబరులో గోలు పడిన సంతోషంతో మైదానం చుట్టూ ఉన్న ఇనుప కంచె ఎక్కి దూకినప్పుడు, కొత్తగా పెళ్ళయిన ఆయన ఉంగరం కంచెకు తగులుకుని వేలి ముక్క అక్కడే ఉండిపోయింది. దాన్ని అతికించడం సాధ్యం కాలేదు. ఆ గందరగోళంలో రెఫరీ ఆయనకు పసుపు కార్డు కూడా చూపాడు. ఎత్తు నుంచి దూకనక్కరలేదు కూడా: అమెరికా టీవీ వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్ 2015లో ఇంట్లో వంటగదిలో తివాచీ తట్టుకుని పడబోయి గట్టు పట్టుకున్నప్పుడు ఉంగరం తగులుకుంది. ఆరు గంటల ఆపరేషన్, కాలి నుంచి తెచ్చిన సిర, పది రోజులు ఐసీయూ, ఇన్ని అయ్యాక ఆయన వేలు నిలిచింది.

కాబట్టి బండి దిగే పద్ధతి ఉంగరం లేనివాళ్ళూ నేర్చుకోదగ్గది: ముఖం బండి వైపు ఉంచి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండు చేతులూ అరచేతులతో పట్టుకుని, కింది కాలు నేలను తాకాకే పై చేయి వదలాలి. దూకవద్దు.

ఏ పనుల్లో తీయాలి

తిరిగే యంత్రం ఏదైనా మొదటి వరుసలో ఉంటుంది. లేత్, డ్రిల్లింగ్ మిషన్, గ్రైండర్, గడ్డి ముక్కలు చేసే యంత్రం, వరి నూర్పిడి మిషన్, బెల్టు మీద నడిచే పాత ఆయిల్ ఇంజను, రొయ్యల గుంటల్లో నీటికి గాలి అందిస్తూ తిరిగే ఏరియేటర్, ఇవన్నీ చేతిని వదిలించుకునే వ్యవధి ఇవ్వవు. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. మనిషి ప్రమాదాన్ని గుర్తించి చేయి వెనక్కి తీసే లోపు ఆ ఇరుసు నాలుగైదు సార్లు తిరిగేస్తుంది. మణికట్టుకు కట్టుకునే నైలాన్ దారాలకూ, కుర్రవాళ్ళు వేసుకునే స్టీలు కడియాలకూ ఇదే వర్తిస్తుంది. నూలు దారమైతే తెగుతుందన్న ఆశ ఉంటుంది, నైలాన్ మీద ఆ ఆశ పెట్టుకోలేము.

రెండోది తాడు, వల. మైపాడు తీరంలో గానీ జువ్వలదిన్నె వైపు గానీ పడవ నడుస్తూ ఉండగా వల జారవిడిచే మనిషి చేతుల మీదుగా వందల గజాల వల పరుగెత్తుతుంది. వల కన్ను ఒక్కటి ఉంగరపు రాయి కొక్కేనికి పడితే వలతోపాటు మనిషి కూడా పడవ అంచు దాటే ప్రమాదం ఉంది. అందుకే వల వదిలేటప్పుడు ఒంటి మీద తగులుకునేది ఏదీ, చొక్కా గుండీతో సహా, ఉండకూడదు. ఒంగోలు గిత్తల దగ్గర పనిచేసేవారికి తాడు సంగతి నేను చెప్పనక్కరలేదు కానీ ఒక్క మాట: పగ్గాన్ని చేతికి చుట్టుకోవడమే తప్పు, ఆ చేతికి ఉంగరం కూడా ఉంటే బెదిరిన ఎద్దు లాగిన లాగుకు తాడు జారదు, ఉంగరం దగ్గర బిగుసుకుంటుంది.

మూడోది బరువులు. గ్రానైట్ పలకను ఇద్దరు పట్టి బల్ల మీద దించేటప్పుడు, గ్యాస్ బండ దొర్లించేటప్పుడు, బీరువా మెట్లెక్కించేటప్పుడు ఉంగరం వస్తువుకూ గోడకూ మధ్య నలిగి గుండ్రని ఆకారం కోల్పోతుంది. వంగిన ఉంగరం వేలిని బిగించి పట్టేస్తుంది, లోపల వేలు వాస్తుంది, వాచిన వేలి మీద ఉంగరం మరింత బిగుస్తుంది. జిమ్‌లో ఇనుప కడ్డీ ఎత్తేవారికి, ఆ కడ్డీ పట్టుకుని వేలాడేవారికి జరిగేదీ ఇదే.

మందు పిచికారీ, సిమెంటు పనుల్లో గాయం కనబడదు కనుక జనం దాన్ని లెక్కచేయరు. పొగాకుకో మిరపకో పురుగుమందు కలిపిన చేయి కడుక్కున్నా, ఉంగరం కింద చేరిన చుక్క అక్కడే ఉండి గంటల తరబడి చర్మంలోకి ఇంకుతుంది. తడి సిమెంటు సున్నంలా ఘాటైన క్షారం. అది ఉంగరం కింద చిక్కుకుంటే సాయంత్రానికి చుట్టూ ఎర్రని పుండు పడుతుంది. ఇంట్లో బ్లీచింగ్ పొడితో పనిచేసే ఆడవాళ్ళకు ఇంకో నష్టం కూడా ఉంది, క్లోరిన్ బంగారంలో కలిసిన రాగినీ వెండినీ తినేసి రాళ్ళు పట్టుకునే కొక్కేలను పెళుసు చేస్తుంది. రొయ్యలు శుభ్రం చేసే ప్లాంట్లలో ఉంగరాలు వద్దనడానికి కారణం వేరు: ఉంగరం కింది మురికిలో క్రిములు చేతులు కడిగినా పోవు, పైగా మంచు చలికి సన్నబడిన వేలి నుంచి ఉంగరం జారి సరుకులో పడుతుంది.

ఆటల సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. కబడ్డీలో ఆభరణాలు నిషేధం, గోళ్ళు కత్తిరించుకుని రావాలి. ఫుట్‌బాల్ నాలుగో నిబంధన ఆభరణాలన్నీ తీసేయాలంటుంది, ఉంగరం మీద ప్లాస్టరు చుట్టుకున్నా ఒప్పుకోదు. మన ఊళ్ళలో సంక్రాంతి పోటీలు నిర్వహించేవారు ఈ ఒక్క నియమం గట్టిగా పాటిస్తే చాలు.

కరెంటు, బ్యాటరీ

12 వోల్టుల బ్యాటరీ షాక్ కొట్టదు కనుక అపాయం లేదని ఆటోనగర్ షెడ్లలో కుర్రవాళ్ళు నమ్ముతారు. షాక్ కొట్టదన్న మాట నిజమే. కానీ ఒక చేతిలో స్పానర్ ప్లస్ టెర్మినల్ మీద ఉండగా అదే చేతి ఉంగరం బండి బాడీని తాకితే, బ్యాటరీలోని వందల ఆంపియర్లు స్పానర్ నుంచి ఉంగరం మీదుగా పారతాయి. బంగారం, వెండి, రాగి మంచి విద్యుద్వాహకాలే అయినా, తాకిన చోటు సన్నగా ఉండడంతో ఒకటి రెండు సెకన్లలో ఉంగరం ఎర్రగా కాలుతుంది, ఒక్కోసారి అక్కడే అతుక్కుపోతుంది. చేయి వెనక్కి తీసుకున్నా కాలిన చుట్టు వేలిని వదలదు, ఎందుకంటే అది వేలికే ఉంది. అలాంటి కాలుడు వేలి చుట్టూ పూర్తి వలయంలా పడి, తరువాత వాపుతో రక్తం ఆడకుండా చేస్తుంది. లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. ఏ బండిలోనైనా ఎర్త్ వైరు (బ్యాటరీని బండి బాడీకి కలిపేది) ముందు విప్పి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించడం ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పిస్తుంది. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు కరెంటు పారే భాగాలు తెరిచి ఉన్నచోట ఉంగరం, గడియారపు పట్టీ, గొలుసులాంటివి ధరించడాన్ని నేరుగా నిషేధిస్తాయి.

బోరు మోటారు స్టార్టర్ పెట్టె తెరిచే రైతుకూ, తడిచేతులతో ఏరియేటర్ స్విచ్చి ముట్టుకునే గుంట కాపలాదారుకూ ఇక్కడ అదనంగా చెప్పవలసింది ఒకటే: ఉంగరం తీసినంత మాత్రాన చేతికి రక్షణ రాదు, మెయిన్ ఆపి, ఆపినట్లు టెస్టరుతో చూసుకున్నాకే పెట్టె తెరవాలి.

తొడుగులు, సిలికాన్ ఉంగరాలు

చేతి తొడుగు వేసుకుంటే ఉంగరం ఉన్నా పరవాలేదని ఒక వాదన ఉంది. బరువులు మోసేచోట తొడుగు ఉంగరాన్ని కొంత కప్పుతుంది, నిజమే, కానీ నలిగితే లోపల వంగిన ఉంగరం కనబడదు. తిరిగే డ్రిల్లు, లేత్ దగ్గరైతే తొడుగే ప్రమాదం. దాని దారం పోగు చిక్కితే చేయి మొత్తాన్ని లాగుతుంది. అక్కడ ఉత్త చేతులతోనే పనిచేయాలి.

సిలికాన్ ఉంగరం లోహపు ఉంగరం కంటే చాలా తక్కువ లాగుకే తెగిపోతుంది, కరెంటును పారనివ్వదు. పెళ్ళి ఉంగరం తీయడం మనసుకు కష్టంగా ఉన్నవారు ఆటలకూ తోట పనికీ దాన్ని వాడుకోవచ్చు. ప్యాకింగు మీద ఎంత గొప్పగా రాసి ఉన్నా దాన్ని యంత్రం దగ్గరకు మాత్రం నేను రానివ్వను.

తీసిన ఉంగరం ఎక్కడ

మా పలక నేర్పిన పాఠం ఇదే. ఉంగరం తీయనివాళ్ళలో ఎక్కువమంది మానేది ప్రమాదం తెలియకపోవడం వల్ల కాదు, తీస్తే ఉంగరం పోతుందన్న భయం వల్ల. చొక్కా జేబులో వేస్తే వంగినప్పుడు పడుతుంది, ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పెడితే మరిచిపోతారు, పక్కవాడికి ఇస్తే అడగడానికి మొహమాటం. కనుక స్థలం ముందు నిర్ణయించుకోవాలి, ప్రతిరోజూ అదే స్థలం కావాలి. ఇంటి నుంచి పనికి వెళ్ళేవారికి ఉత్తమమైనది ఇల్లే: దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఒక చిన్న గిన్నె, లేదా వంటింట్లో పోపుల పెట్టెలాంటి, ఇంటివాళ్ళకు తప్ప పరాయివాళ్ళకు తెలియని చోటు. దారిలో తీయవలసి వస్తే పాతవాళ్ళు చేసినట్లు మొలతాడుకు ముడివేసుకుని పంచె లోపల ఉంచడం కుదురుతుంది. మెడ గొలుసుకు కట్టి బయట వేలాడదీయడం మాత్రం వద్దు, వేలిని తప్పించి మెడను ఇచ్చినట్లవుతుంది. షెడ్డు, మిల్లు నడిపేవారు గుమ్మం దగ్గర అంకెలు వేసిన మేకుల పలకో తాళం పెట్టె ఒకటో పెడితే ఖర్చు రెండు మూడు వందలకు మించదు. యజమాని తన ఉంగరం మొదట అక్కడ తగిలించకపోతే ఆ పలక ఖాళీగానే ఉంటుంది.

రాయి ఉంగరం తీస్తే దోషం తిరిగి వస్తుందని నమ్మేవారితో నేను వాదనకు దిగను. పెట్టమని చెప్పిన సిద్ధాంతినే పనివేళల్లో తీయవచ్చునా అని అడగమంటాను. నాకు తెలిసినంతలో కాదన్నవారు లేరు, అదే రాయిని దండకడియంలోనో మొలతాడుకో కట్టించుకోమన్నవారే ఎక్కువ. పితృకార్యంలో వేలికి తొడిగే దర్భ పవిత్రాన్ని కూడా కార్యం ముగియగానే ముడి విప్పి తీసేస్తాం కదా.

బిగిసిన ఉంగరం తీయడం

చాలామంది ఉంగరాలు పెళ్ళినాటి వేలికి చేయించినవి. ఇరవై ఏళ్ళ తరువాత వేలు లావెక్కుతుంది, రోహిణి కార్తె ఎండలో ఇంకాస్త ఉబ్బుతుంది, గర్భిణులకు చివరి నెలల్లో చేతులు వాస్తాయి. ఉంగరం తీయాలంటే తెల్లవారుజామున, చల్లని వేళ ప్రయత్నించాలి. చేయి తలకంటే పైకి ఎత్తి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, చల్లని నీళ్ళలో ముంచి, కొబ్బరి నూనెగానీ సబ్బు నురగగానీ రాసి, ఉంగరాన్ని మర తిప్పినట్లు అటూ ఇటూ తిప్పుతూ జరపాలి. నేరుగా లాగితే కణుపు దగ్గర చర్మం ముడతపడి పోగవుతుంది, దాంతో అది మరీ బిగుస్తుంది.

అప్పటికీ రాకపోతే దారం పద్ధతి. సుమారు ఒక మీటరు పొడవున్న నున్నని పట్టుదారంగానీ పళ్ళ సందులు శుభ్రం చేసే ఫ్లాస్‌గానీ తీసుకోవాలి. మిషను దారం సన్నగా ఉండి చర్మాన్ని కోస్తుంది. దారం ఒక కొసను హెయిర్‌పిన్ వంపుతో ఉంగరం కిందుగా, గోరు వైపు నుంచి అరచేతి వైపుకు దూర్చి, ఆ కొసను ఒక జానెడు మిగల్చాలి. మిగతా దారాన్ని ఉంగరం అంచు నుంచి మొదలుపెట్టి గోరు వైపుకు, పక్కపక్కనే, సందు లేకుండా, నడి కణుపు దాటేవరకు చుట్టాలి. చుట్టు బిగువు వేలిలోని వాపును అణచేటంత ఉండాలి, వేలు నీలమయ్యేంత కాదు. ఇప్పుడు అరచేతి వైపు మిగిలిన కొసను పట్టుకుని, చుట్టిన దిశలోనే తిప్పుతూ గోరు వైపుకు విప్పుతూ పోవాలి. విడిపోతున్న ఒక్కో చుట్టు మీదుగా ఉంగరం ఒక్కో మెట్టు జరుగుతుంది. కణుపు మీద నొప్పిగా ఉంటుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు. రెండు ఊపిర్లు పీల్చి వదిలి, మళ్ళీ సాగించాలి. చుట్టిన దారాన్ని కొద్ది నిమిషాలకు మించి వేలి మీద ఉంచరాదు. వేలికి కోత పడినా, ఎముక విరిగినట్లు అనుమానం ఉన్నా ఈ పద్ధతి జోలికి పోకూడదు.

గోరు నొక్కితే తెల్లబడి, వదిలాక రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. అలా జరగకపోతే, వేలు నీలంగానో పాలిపోయో ఉంటే, తిమ్మిరి పట్టి స్పర్శ లేకపోతే, ఇంటి ప్రయత్నాలు మాని ఉంగరం కోయించాలి. ఆసుపత్రి క్యాజువాలిటీలో రింగ్ కట్టర్ ఉంటుంది. దాని సన్నని నాలుక ఉంగరం కింద దూరి వేలిని కాపాడుతుండగా పైనున్న చిన్న రంపపు చక్రం తిప్పుతూ కోస్తారు. చుట్టుపక్కల అది లేకపోతే స్వర్ణకారుడి దగ్గర పని అవుతుంది. బంగారం, వెండి, రాగి, పంచలోహం తేలికగా తెగుతాయి. స్టీలు, టైటానియం గట్టివి, వాటికి కరెంటు కట్టరు వాడి, వేడెక్కకుండా నీళ్ళు పోస్తూ కోయాలి. ఈ మధ్య కుర్రవాళ్ళు కొంటున్న నల్లని టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరాలు అసలు తెగవు, గ్రిప్ ప్లయర్‌తో కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే పెంకులా పగులుతాయి. పెంకులు ఎగురుతాయి కనుక కళ్ళకు అడ్డం పెట్టుకోవాలి. కోసిన బంగారు ఉంగరం వృథా కాదు, తరుగు, మజూరీ ఇస్తే అదే స్వర్ణకారుడు ముక్క చేర్చి, సైజు పెంచి అతుకుతాడు. కొత్త కొలత ఇచ్చేటప్పుడు వేలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట ఇస్తే మంచిది.

చేతికి ఏ దెబ్బ తగిలినా, కాలినా, తేలు కుట్టినా, పాము కరిచినా, వాపు రాకముందే, మొదటి నిమిషాల్లోనే ఉంగరాలు తీసేయాలి. కాలికి కాటు పడితే మెట్టెలు, పట్టీలు తీయాలి. వాపు మొదలయ్యాక తీయడం పది రెట్లు కష్టం. పాము కాటుకు తాడు బిగించి కట్టకూడదన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. బిగుసుకుపోయిన ఉంగరం కూడా ఆ తాడు చేసే పనే చేస్తుందని గుర్తించాలి.

వేలు ఊడితే మొదటి గంట

యంత్రంలో చిక్కితే ముందు యంత్రం ఆపాలి, బెల్టును వెనక్కి తిప్పి చేయి లాగే ప్రయత్నం చేయకూడదు. గాయం మీద శుభ్రమైన పొడి గుడ్డ మడత పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి, చేయి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. వేలి నుంచి వచ్చే రక్తం సాధారణంగా ఈ నొక్కుడుకే ఆగుతుంది. కాఫీ పొడి, పసుపు, సున్నం, బూడిద వేయకూడదు, వాటిని కడగడానికే సర్జన్‌కు గంట పడుతుంది. చర్మం వేలాడుతుంటే దాన్ని కత్తిరించకూడదు, ఉంగరం వేలికే ఉంటే లాగకూడదు. ఆ చర్మంలోనే కుట్టదగిన నాళం ఉండవచ్చు.

ఊడిపడిన భాగం ఎంత చిన్నదైనా వెతికి తీసుకోవాలి. ఉంగరంలో ఇరుక్కుని ఉంటే ఉంగరంతో సహా తీసుకోవాలి. మట్టి ఉంటే సెలైన్‌తో గానీ మంచినీళ్ళతో గానీ మెల్లగా ఒక్కసారి కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీళ్ళు దూరని పాలిథీన్ కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టి, ఆ కవరును మంచుముక్కలు కలిపిన నీళ్ళున్న డబ్బాలో ఉంచాలి. వేలు నేరుగా మంచును తాకితే గడ్డకట్టి పాడవుతుంది. నీళ్ళలో నానినా పనికిరాదు. రొయ్యల గుంటల దగ్గర, చేపల రేవుల దగ్గర మంచు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడివాళ్ళు ఈ తప్పు ఎక్కువగా చేస్తారు, ప్రేమకొద్దీ వేలిని మంచులో పాతిపెడతారు. వేలిలో కండ లేకపోవడం ఇక్కడ ఒక మేలు: మామూలు వేడిలో సుమారు 12 గంటలు, సరిగా చల్లగా ఉంచితే 24 గంటల వరకు అది అతికించడానికి పనికిరావచ్చు. అయినా తొందరపడవలసిందే.

108కి ఫోన్ చేయాలి. బయలుదేరే ముందే వెళ్ళబోయే ఆసుపత్రికి కూడా ఫోన్ చేసి, వేలు అతికించే మైక్రోసర్జరీ అక్కడ చేస్తారా, ఆ సర్జన్ ఈ పూట ఉన్నారా అని ఈ రెండు ప్రశ్నలూ అడగాలి. లేదంటే అక్కడ రక్తం ఆపించుకుని, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని వెంటనే పెద్ద ఊరికి కదలాలి. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు వాళ్ళకు నెల్లూరు దాటి చెన్నై వెళ్ళడం కంటే గుంటూరు దగ్గర. దారిలో జాలిపడి కాఫీ, టీ, కొబ్బరినీళ్ళు తాగించవద్దు, మత్తు ఇవ్వడానికి కడుపు ఖాళీగా ఉండాలి. గాయం ఎన్ని గంటలకైంది, చివరిసారి ఏం తిన్నారు, షుగరుకు ఏ మాత్ర వేసుకుంటారు అన్న మూడు సంగతులు ఒక కాగితం మీద రాసి, వెంట వెళ్ళే మనిషి జేబులో పెట్టి పంపాలి.